పోరాసిటీ (రాయిలో ఖాళీ వాటా) ఒక్క శాతమే, కానీ రాయి స్టిఫ్‌నెస్ (సాగకుండా నిలిచే గట్టిదనం) సగానికి పడిపోతోంది. నా మోడల్‌లో తప్పెక్కడ?

రాళ్ల పిల్లోడు

అందరికీ నమస్తే. జియోటెక్‌లో ఎంటెక్ చివరి సెమిస్టర్‌లో ఉన్నా, ప్రాజెక్టు వేడికి పగిలిన గ్రానైట్ మీద. కరీంనగర్ వైపు క్వారీ నుంచి తెచ్చిన టాన్ బ్రౌన్ రాయి, 54 మి.మీ. వ్యాసం, 108 మి.మీ. పొడవు ఉన్న కోర్లు తీశాం. ఫర్నేస్‌లో మెల్లగా వేడి చేసి, మెల్లగా చల్లార్చి, ఆ తర్వాత అల్ట్రాసోనిక్ పల్స్ పంపి చూస్తున్నా. వేడి చెయ్యని రాయిలో పల్స్ ఈ చివర నుంచి ఆ చివరకి 20.8 మైక్రోసెకన్లలో పోతోంది, 300 డిగ్రీల దాంట్లో 24, 600 డిగ్రీల దాంట్లో ఏకంగా 41. ఇంతవరకూ బాగానే ఉంది, గైడ్ గారు కూడా సంతోషించారు.

తంటా అంతా కంప్యూటర్ దగ్గర వచ్చింది. ఇదే తగ్గుదలని మోడల్‌లో చూపించమన్నారు. నేను 100 మి.మీ. × 100 మి.మీ. చదరం తీసుకుని (2డి, ప్లేన్ స్ట్రెస్, అంటే పల్చటి పలక లెక్క), మాడ్యులస్ (స్టిఫ్‌నెస్ కొలత) 60 గిగాపాస్కల్, పాయిసన్ నిష్పత్తి (లాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పేది) 0.25 ఇచ్చి, లోపల ఖాళీలు పెట్టుకుంటూ పోయాను. నీళ్లలో నానబెట్టి కొలిస్తే పోరాసిటీ 1 శాతం దరిదాపుల్లో వచ్చింది కాబట్టి ప్రతి మోడల్‌లోనూ ఖాళీ మొత్తం 1 శాతమే ఉండేలా చూసుకున్నా. గుండ్రటి రంధ్రాలు పెడితే మాడ్యులస్ మొదటి దాంట్లో 97 శాతం. సరే, పగుళ్లు గుండ్రంగా ఉండవు కదా అని 4 మి.మీ. పొడవు, 0.4 మి.మీ. వెడల్పు దీర్ఘవృత్తాలు ఓ 80 పెట్టా, అన్ని దిక్కుల్లోనూ చెదరగొట్టి: 90 శాతం. వెడల్పు 0.08కి తగ్గించి 400 పెట్టా: 67 శాతం. 0.04కి తగ్గించి 800 పెట్టేసరికి 51 శాతం! పోరాసిటీ మారలేదు, రాయి మారలేదు, సగం స్టిఫ్‌నెస్ పోయింది. ఇంకా సన్నం చేస్తే ఇంకా పడిపోయేలా ఉంది. చివరి మోడల్‌కైతే మెష్ (మోడల్‌ని చిన్న ముక్కలుగా కోసిన వల) లక్షల ఎలిమెంట్లకి పోయి లాప్‌టాప్ రాత్రంతా హోరెత్తింది, హాస్టల్‌లో రూమ్మేట్ దుప్పటి తీసుకుని పక్క గదిలోకి వెళ్లి పడుకున్నాడు.

ఇది చాలదన్నట్టు, లైబ్రరీలో దొరికిన, పగిలిన రాయి మాడ్యులస్ చెప్పే సెల్ఫ్ కన్సిస్టెంట్ ఫార్ములాలో నా చివరి కేసు పెడితే జవాబు సున్నా వచ్చింది. అంటే ఫార్ములా లెక్కన నా రాయి పొడైపోయినట్టు, నా మోడల్ లెక్కన సగం గట్టిగా ఉన్నట్టు. దేన్ని నమ్మాలి? అసలు మోడల్‌లో ఎక్కడ తప్పుతున్నా? వచ్చే నెల రివ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

మెష్ మాస్టారు

తమ్ముడూ, మోడల్‌లో తప్పు లేదు. నువ్వు మార్చకుండా పట్టుకున్న అంకె తప్పు. వెడల్పు తగ్గిస్తూ పోరాసిటీ అలాగే ఉంచాలంటే పగుళ్ల సంఖ్య పెంచాలి, పెంచావు కూడా, 80 నుంచి 800కి. 4 మి.మీ. పగుళ్లు పదింతలైతే స్టిఫ్‌నెస్ పడిపోక ఏం చేస్తుంది? వెడల్పు వల్ల కాదు, సంఖ్య వల్ల పడిపోయింది. కావాలంటే ఇవాళే ఒక పని చెయ్, 80 పగుళ్లనే ఉంచి వెడల్పు ఒక్కటే 0.4 నుంచి 0.04కి తగ్గించి చూడు. పోరాసిటీ పదో వంతుకి పడిపోతుంది, మాడ్యులస్ మాత్రం 90 నుంచి 91కి పోతుందేమో, అంతే.

ఎందుకో ఒక్క పగులు దగ్గర కూర్చుని చూస్తే తెలుస్తుంది, ఇది అర్థమైతే మిగతాదంతా దానంతట అదే వస్తుంది కాబట్టి కొంచెం ఓపిక పట్టు. పెద్ద పలక, మధ్యలో ఒక సన్నటి పగులు, దానికి అడ్డంగా లాగుతున్నాం. పగులు తెరుచుకుంటుంది. ఎంత తెరుచుకుంటుంది అనేది పగులు ముందు ఎంత వెడల్పుగా ఉందన్నదాని మీద ఆధారపడదు, ఎంత పొడవుందన్నదాని మీదే. మధ్యలో తెరుపు = 4 × ఒత్తిడి × సగం పొడవు ÷ మాడ్యులస్. నీ అంకెలే పెట్టు: సగం పొడవు 2 మి.మీ., లాగుడు 10 మెగాపాస్కల్, మాడ్యులస్ 60,000 మెగాపాస్కల్. 0.00133 మి.మీ. వస్తుంది, అంటే మైక్రాన్ కంటే కాస్త ఎక్కువ. ఇప్పుడు పలక అదనంగా ఎంత సాగింది? తెరుపుని పగులు పొడవుతో హెచ్చవేస్తే ఆ సాగుదల లెక్కకొస్తుంది. తెరుపు పొడవుని బట్టే పెరుగుతుంది, మళ్లీ పొడవుతోనే హెచ్చవేస్తున్నాం, అందుకే పొడవు వర్గం వస్తోంది. 3డిలో బిళ్లలాంటి పగులైతే తెరుపుని వైశాల్యంతో హెచ్చవేస్తాం, అప్పుడు వ్యాసార్ధం ఘనం.

కాబట్టి లెక్కపెట్టాల్సింది ఖాళీని కాదు, క్రాక్ డెన్సిటీని. 2డిలో అది ప్రతి పగులు సగం పొడవు వర్గం, అన్నీ కూడి, పలక వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. నీ 800 పగుళ్లకి 800 × 4 ÷ 10,000 = 0.32. 3డిలో వ్యాసార్ధాల ఘనాల మొత్తాన్ని ఘనపరిమాణంతో భాగించాలి. దీన్ని బ్రిస్టో 1960లో లోహాల పగుళ్లకి వాడాడు, తర్వాత బుడియాన్‌స్కీ, ఓకానెల్ 1976లో రాళ్ల వాళ్లందరికీ అలవాటు చేశారు. దీని అర్థం ఏంటంటే 20 మి.మీ. పగులు ఒక్కటి, 2 మి.మీ. పగుళ్లు వందతో సమానం. 3డిలో అయితే వెయ్యితో సమానం. చిన్నచిన్న పగుళ్లు వందలు గీసి ఒక్క పెద్ద పగులు మర్చిపోయిన మోడల్స్ చాలా చూశాను, మొదట్లో అలాంటివి నేనూ చేశాను, ఒప్పుకోడానికి సిగ్గేం లేదు.

పగుళ్లు ఒకదాన్నొకటి పట్టించుకోవు అనుకుంటే, అన్ని దిక్కుల్లో చెదిరి ఉన్నప్పుడు 2డిలో మాడ్యులస్ నిష్పత్తి = 1 ÷ (1 + 3.14 × క్రాక్ డెన్సిటీ). నీ చివరి కేసుకి 0.5 వస్తుంది. నీకొచ్చింది 0.51. మరి తప్పెక్కడ? పగుళ్లన్నీ ఒకే దిక్కున, లాగుడుకి అడ్డంగా ఉంటే 3.14 బదులు 6.28.

ఇక ఆ దీర్ఘవృత్తాలు వదిలెయ్, నీ రూమ్మేట్ కోసమైనా. వెడల్పే లేని గీతగా పెట్టుకో. అబాకస్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే సీమ్ అని ఉంటుంది, గీత మీద నోడ్లని (ఎలిమెంట్లు కలిసే బిందువుల్ని) రెండేసి చేసి రెండు అంచుల్ని విడదీస్తుంది, అంతే. మెష్ కూడా మరీ సన్నం అక్కర్లేదు. పగులు కొన దగ్గర ఒత్తిడి అనంతానికి పోతుందని భయపడి అందరూ కొనల దగ్గర ఎలిమెంట్లు గుప్పిస్తారు, అది పగులు పెరుగుతుందా లేదా అని చూసేటప్పుడు కావాలి. మాడ్యులస్ అనేది మొత్తం పలక సగటు, కొన దగ్గర జరిగే చిన్న తప్పు అందులో మునిగిపోతుంది. రెండో ఘాతం (క్వాడ్రాటిక్) ఎలిమెంట్లు, సగం పొడవుకి పది పెడితే నాకెప్పుడూ ఒకటి రెండు శాతం లోపే వచ్చింది. మెష్ ముతకైతే జవాబు ఎప్పుడూ గట్టి వైపుకే తప్పుతుందని గుర్తుంచుకో.

అసలు మొదట ఒక్క పగులుతో మొదలుపెట్టి ఆ 1.33 మైక్రాన్లు వస్తున్నాయో లేదో చూడు. పలక వెడల్పు పగులు పొడవుకి కనీసం ఇరవై రెట్లు ఉండాలి. అది రాకపోతే 800 పెట్టినా దండగ.

స్లైడ్ కింద రాయి

మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, నేను ల్యాబ్ వైపు నుంచి కొంచెం కలుపుతా. తమ్ముడూ, నువ్వు నీళ్లలో నానబెట్టి కొలిచిన ఆ 1 శాతం ఉంది చూడు, అందులో వేగాన్ని తగ్గించే పగుళ్ల వాటా ఎంతో తెలుసా? లెక్క చేద్దాం. 300 డిగ్రీల రాయిలో వేగం 20.8 ÷ 24 నిష్పత్తిలో తగ్గింది, దాని వర్గం 0.75. బిళ్ల పగుళ్లకి 3డిలో, పాయిసన్ నిష్పత్తి 0.25 అయితే, మాడ్యులస్ నిష్పత్తి = 1 ÷ (1 + 1.76 × క్రాక్ డెన్సిటీ). 0.75 రావాలంటే క్రాక్ డెన్సిటీ 0.19 ఉండాలి. (వేగం వర్గం యంగ్స్ మాడ్యులస్‌కి సరిగ్గా సమానం కాదు, పి తరంగానికి (నొక్కుతూ ముందుకు పోయేది, నీ పల్స్ అదే) వేరే మాడ్యులస్, పొడి పగుళ్లు పెరిగితే పాయిసన్ నిష్పత్తి కూడా తగ్గుతుంది, కాబట్టి ఎస్ తరంగం (అడ్డంగా ఊపుతూ పోయేది) కూడా కొలిచి రెండూ కలిపి చెయ్యి. ఇది అంచనాకి మాత్రమే.)

ఇప్పుడు ఈ పగుళ్ల మందం వాటి పొడవులో వెయ్యో వంతు అనుకుందాం. నేను ఇలాంటి రాళ్లకే నీలం రంగు ఎపాక్సీ పట్టించి, పల్చటి స్లైసులు తీసి మైక్రోస్కోప్ కింద చూశాను. క్వార్ట్జ్ గింజ, ఫెల్డ్‌స్పార్ గింజ కలిసే అంచు వెంబడి తల వెంట్రుకకంటే చాలా సన్నటి నీలం గీత, కొన్ని చోట్ల గింజ మధ్యలోంచి అడ్డంగా దూసుకుపోతుంది, స్టేజ్ కొంచెం తిప్పితే కనిపించకుండా పోతుంది. మిల్లీమీటరు పొడవుంటే మైక్రాన్ మందం, అంతే. ఆ లెక్కన ఆ పగుళ్లన్నీ కలిపి రాయిలో ఆక్రమించే చోటు 0.08 శాతం. అంటే పాతిక శాతం స్టిఫ్‌నెస్ మింగేసిన పగుళ్లు వెయ్యో వంతు చోటు కూడా తీసుకోలేదు! నీ 1 శాతంలో మిగతాదంతా గింజల మధ్య గుండ్రటి బొక్కలూ, మైకా పొరల సందులూ, వాటికి స్టిఫ్‌నెస్‌తో పెద్ద సంబంధం లేదు.

ఇదే కారణంతో సిటీ స్కాన్ బొమ్మ తీసి దాన్నే మోడల్‌గా పెట్టేద్దాం అనుకోకు, ఎవరో ఒకరు రివ్యూలో ఆ సలహా ఇస్తారు. 54 మి.మీ. కోర్‌ని అడ్డంగా 2000 పిక్సెల్స్‌లో తీస్తే ఒక్కో పిక్సెల్ 27 మైక్రాన్లు. మైక్రాన్ పగులు అందులో ఎక్కడ కనబడుతుంది? బొమ్మలో రాయి నిక్షేపంలా ఉంటుంది, మోడల్‌లో గట్టిగా వస్తుంది, ప్రయోగంలో పడిపోతుంది, అప్పుడు అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటారు.

మా నాన్నమ్మ సంతలో కుండ కొనేటప్పుడు లోపలికి తొంగి చూసేది కాదు, వేలితో కొట్టి వినేది. ఖంగుమంటే తీసుకునేది, బొంగురుగా పలికితే పక్కన పెట్టేసేది. పాలిషింగ్ యూనిట్లలో పలకల్ని సుత్తితో తట్టి చూసేవాళ్లూ అంతే. కంటికి కనపడని పగులు చెవికి వినపడుతుంది. నీ పల్స్ మెషిన్ చేసే పని కూడా అదే.

ఇంకో రెండు సంగతులు, ల్యాబ్‌లో చాలామంది తప్పేవి. ఒకటి, కోర్లని 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చాకే కొలువు. పగులులో నీళ్లుంటే లోపలికి నొక్కనివ్వవు, నీటి బల్క్ మాడ్యులస్ 2.2 గిగాపాస్కల్, అంత సన్నటి సందులో అది చాలు. పి తరంగం వేగం మళ్లీ పైకి లేస్తుంది, షియర్ మాడ్యులస్ (పక్కకి జరగనివ్వని గట్టిదనం) మాత్రం పెద్దగా లేవదు, నీళ్లకి అది ఉండదు కాబట్టి. వర్షాకాలంలో తీసిన రీడింగులూ ఎండాకాలంలో తీసినవీ ఒకే గ్రాఫ్‌లో పెట్టి తలపట్టుకున్న వాళ్లని చూశాను. రెండోది, నీ మోడల్ లాగుతోంది, రాయి మీద ప్రెస్‌లో మనం నొక్కుతున్నాం. నొక్కితే పగుళ్లు మూసుకుంటాయి. వాల్ష్ 1965లో ఇచ్చిన లెక్క ప్రకారం మందం పొడవులో వెయ్యో వంతున్న పగులు, 60 గిగాపాస్కల్ రాయిలో, దాదాపు 50 మెగాపాస్కల్స్ దగ్గర మూసుకుపోతుంది. భూమిలో రెండు కిలోమీటర్ల లోతుకి దిగితే మీదున్న రాయి బరువే అంతుంటుంది. అందుకే ఒత్తిడి పెంచుతూ వేగం కొలిస్తే గ్రానైట్‌లో మొదట జోరుగా పెరిగి, 100–200 మెగాపాస్కల్స్ దాటాక దాదాపు చదునైపోతుంది. నీ మోడల్‌లో వెడల్పు లేని గీత పెట్టి నొక్కావంటే రెండు అంచులూ ఒకదాంట్లోంచి ఒకటి దూరిపోతాయి, సాఫ్ట్‌వేర్ నోరెత్తదు, జవాబు అందంగా వస్తుంది, కానీ అది తెరుచుకున్న పగులు జవాబే. అంచులు ఒకదాన్నొకటి తాకి ఆగేలా కాంటాక్ట్ పెట్టాలి, రాపిడి కూడా పెట్టాలి.

పల్స్‌లో మాత్రం కదలిక అతి చిన్నది, పగులు అంచులు ఒకదాని మీద ఒకటి జారేంత ఉండదు. ప్రెస్‌లో జారతాయి. అందుకే పల్స్ ఇచ్చే మాడ్యులస్ ప్రెస్ ఇచ్చేదానికంటే ఎక్కువ వస్తుంది. రెండూ కలవలేదని కంగారు పడకు, ఏది దేనితో పోలుస్తున్నావో రిపోర్టులో రాయి చాలు.

పాతకాలం శాస్త్రి

అందరూ బాగా రాశారు. కానీ సెల్ఫ్ కన్సిస్టెంట్ పద్ధతిని అలా గాలికి వదిలేస్తే ఎలా? మా రోజుల్లో దాన్నే పాఠంగా చెప్పారు. ఆలోచన బాగానే ఉంటుంది కదా: ప్రతి పగులు చుట్టూ ఉన్నది కొత్త రాయి కాదు, అప్పటికే పగిలి మెత్తబడిన రాయి. అందుకని చుట్టూ ఉన్న మాడ్యులస్‌ని కూడా తగ్గించి లెక్క కట్టాలి. పగుళ్లు ఒకదాన్నొకటి పట్టించుకోవు అంటే, 800 పగుళ్లు ఉన్న పలకలో అది నమ్మశక్యంగా ఉందా? పక్కపక్కనే ఉన్న పగుళ్లు ఒకదాని కొనని ఇంకొకటి మరింత ఒత్తిడికి గురిచేస్తాయని ఫ్రాక్చర్ మెకానిక్స్ మొదటి క్లాసులోనే చెబుతారు.

మెష్ మాస్టారు

శాస్త్రి గారూ, మీ మాట కాదనే ధైర్యం నాకు లేదు, కానీ ఈ ఒక్క చోట కాదనాలి. పక్కపక్కన రెండు పగుళ్లు ఎలా ఉన్నాయన్నదాన్ని బట్టి ఫలితం రెండు రకాలు. ఒకే గీత మీద ఎదురెదురుగా ఉంటే మీరన్నట్టే ఒకదాన్నొకటి ఇంకా తెరుస్తాయి. ఒకదాని మీద ఒకటి, దొంతరలా ఉంటే ఒకదాని నీడలో ఇంకొకటి పడి, రెండూ తక్కువ తెరుచుకుంటాయి. చెదిరిన పగుళ్లలో ఈ రెండూ ఉంటాయి, సగటులో చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. కచనోవ్ 1990ల మొదట్లో కంప్యూటర్ మీద చేసి గట్టిగా చెప్పింది ఇదే. గ్రెచ్కా, కచనోవ్ 2006లో 3డిలో ఫైనైట్ ఎలిమెంట్‌తో చేసినప్పుడు, ఒకదాన్నొకటి ఖండించుకునే పగుళ్లకి కూడా, పగుళ్లు ఒకదాన్నొకటి పట్టించుకోవు అనే ఆ సాదా లెక్క బాగానే పనిచేసింది. అందరూ ఒప్పుకోలేదనుకోండి, మధ్యలో డిఫరెన్షియల్ పద్ధతి ఉంది, పగుళ్లని కొంచెం కొంచెంగా వేసుకుంటూ పోయే లెక్క, తరంగాల సిమ్యులేషన్ చేసేవాళ్లు కొందరు దాని వైపే ఉంటారు. 2డిలో దాన్నిబట్టి మన కుర్రాడి కేసుకి 0.37 వస్తుంది. కచనోవ్ లెక్కన 0.5. సెల్ఫ్ కన్సిస్టెంట్ లెక్కన సున్నా.

సున్నా దగ్గరే నా అభ్యంతరం. 2డిలో ఆ ఫార్ములా 1 − 3.14 × క్రాక్ డెన్సిటీ, కాబట్టి 0.318 దగ్గర సున్నా అయిపోతుంది. 3డిలో 9/16 దగ్గర. పలక విడిపోవాలంటే ఏం జరగాలి? పగుళ్లు ఒకదాంతో ఒకటి కలిసి ఈ అంచు నుంచి ఆ అంచుకి దారి వేయాలి. సమాన పొడవు గీతల్ని యాదృచ్ఛికంగా పడేస్తే ఆ దారి ఏర్పడేది క్రాక్ డెన్సిటీ 1.41 దగ్గర, పెర్కొలేషన్ (అలాంటి దారి ఎప్పుడు కలుస్తుందో లెక్కగట్టే శాస్త్రం) వాళ్లు కంప్యూటర్ మీద కొట్టి కొట్టి తేల్చిన అంకె అది. 0.318 దగ్గర పలక ఎలా ఊడిపోతుంది చెప్పండి? కుర్రాడి పగుళ్లు ఒకదాన్నొకటి తాకనే లేదు, గోడలో ఇటుకలన్నీ ఉన్నాయి, గోడ లేదంటోంది ఫార్ములా.

3డిలో ఇంకో తమాషా ఉంది. బిళ్ల పగుళ్లు ఒకదాంతో ఒకటి కలిసి నీళ్లకి దారి ఇచ్చేది 0.23 దగ్గరే, కానీ రాయి అప్పుడు ఊడిపోదు, ఎందుకంటే 3డిలో దారి ఉన్నా చుట్టూ రాయి కూడా అతుక్కునే ఉంటుంది. రాయిలో నీళ్లు పారతాయి, రాయి నిలబడుతుంది. మన బోర్‌వెల్ వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, గ్రానైట్‌లో నీళ్లు పడేది అలా పగుళ్లలోనే కదా.

అన్నట్టు మీరన్నది బలం విషయంలో ముమ్మాటికీ నిజం. మాడ్యులస్ అందరి సగటు, బలం మాత్రం అన్నిటికంటే చెడ్డ పగులు ఒక్కదాని మాట. ఒకే మాడ్యులస్ ఉన్న రెండు పలకల్లో ఒకటి సగం లోడ్‌కే విరగొచ్చు. తమ్ముడూ, ఈ మోడల్ చూపించి బలం కూడా చెప్పమంటే చెప్పకు.

పాతకాలం శాస్త్రి

1.41 సంగతి నాకు తెలీదు, ఆ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నా. డిఫరెన్షియల్ మీద మాత్రం నా ఓటు మార్చుకోను.

రాళ్ల పిల్లోడు

అందరికీ చాలా థ్యాంక్స్, మూడు రోజులు మాయమైనందుకు ఏమనుకోకండి, ఇదే పనిలో ఉన్నా.

ముందు ఒక్క పగులు చేశా. మొదటిసారి 1.33 బదులు 1.21 మైక్రాన్లు వచ్చింది, మెష్ ముతకగా ఉందన్నమాట, మాస్టారు చెప్పినట్టే గట్టి వైపుకి తప్పింది. సగం పొడవుకి పది ఎలిమెంట్లు పెట్టాక 1.32. తర్వాత దీర్ఘవృత్తాలు తీసేసి సీమ్‌లు పెట్టా. ఒక్కో క్రాక్ డెన్సిటీకి పది వేర్వేరు చెదరగొట్టిన అమరికలు. 0.1 దగ్గర సగటు 0.75, 0.2 దగ్గర 0.60, 0.3 దగ్గర 0.48. పోల్చడానికి, సాదా లెక్క 0.76, 0.61, 0.51 ఇస్తుంది, డిఫరెన్షియల్ 0.73, 0.53, 0.39. అంటే సాదా లెక్కకి కొంచెం కిందగా, శాస్త్రి గారి వైపు కొంచెం వంగి ఉంది, ఇద్దరూ గొడవ పడకండి. 0.3 దగ్గర అమరికని బట్టి 0.45 నుంచి 0.52 దాకా ఊగుతోంది. ఒక్కో మోడల్ ఇప్పుడు నాలుగు నిమిషాల్లో అయిపోతోంది, రూమ్మేట్ తిరిగొచ్చేశాడు.

రెండు ప్రశ్నలు మిగిలాయి. అంచుల్లో కదలిక ఇచ్చి లాగితే ఒక అంకె, ఒత్తిడి ఇచ్చి లాగితే ఇంకో అంకె వస్తోంది, రెండు మూడు శాతం తేడా. ఏది రాయాలి? ఇంకా, 600 డిగ్రీల రాయి. స్లైడ్ అక్క చెప్పిన లెక్కే చేస్తే (20.8 ÷ 41) వర్గం 0.257, దానికి 3డి క్రాక్ డెన్సిటీ 1.64 వస్తోంది! దాన్ని 2డి పలకలో పెట్టబోతే పగుళ్లు పట్టడం లేదు, ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి.

స్లైడ్ కింద రాయి

అంచుల సంగతి సులువు. నాలుగు వైపులా కదలిక బిగిస్తే రాయి ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తుంది, నాలుగు వైపులా ఒత్తిడి ఇస్తే ఉన్నదానికంటే మెత్తగా. నిజం మధ్యలో ఉంటుంది, పలక పెద్దదయ్యే కొద్దీ రెండూ దగ్గరపడతాయి. రెండు మూడు శాతమే తేడా ఉందంటే నీ పలక సైజు సరిపోయినట్టే. రెండూ రాసి మధ్యలో నీడ వేసి చూపించు, రివ్యూలో ఎవరూ అడ్డం పడరు. ఓపికుంటే ఎదురెదురు అంచుల్ని కలిపే పీరియాడిక్ పద్ధతి పెట్టు, అప్పుడు చిన్న పలకతోనే పనవుతుంది, కానీ అంచుని దాటే పగులు ఎదుటి అంచులోంచి లోపలికి రావాలి, అది మర్చిపోకు.

600 డిగ్రీల రాయికి మాత్రం ఈ మోడల్ పట్టుకుని వేలాడకు. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ ఆల్ఫా నుంచి బీటాకి మారుతుంది, గింజ ఉబ్బుతుంది, పక్కనున్న ఫెల్డ్‌స్పార్ అంత ఉబ్బదు, అంచులన్నీ విడిపోతాయి. (చీమకుర్తి గెలాక్సీని కూడా మనం గ్రానైట్ అనే అంటాం గానీ అది గాబ్రో జాతి, అందులో క్వార్ట్జ్ లేదనే చెప్పాలి, 573 దగ్గర దానికి ఈ దెబ్బ ఉండదు. కుదిరితే ఒక ముక్క తెచ్చి పక్కన పెట్టి చూడు, నాకూ చూడాలనుంది.) అక్కడ ఉన్నది గట్టి రాయిలో విడివిడి పగుళ్లు కాదు, వదులుగా పేర్చిన గింజల గోడ. 1.64 అనేది అప్పుడు ఒట్టి అంకె, దానికి అర్థం లేదు.

మెష్ మాస్టారు

అక్కడ తిరగేసి మోడల్ చెయ్యి. పలకని వొరొనాయ్ గింజలుగా (ఖాళీ లేకుండా అతుక్కున్న బహుభుజులుగా) కోసి, ప్రతి అంచులోనూ మందం లేని ఎలిమెంట్ పెట్టి దానికి స్ప్రింగ్‌లా స్టిఫ్‌నెస్ ఇవ్వు. ఎంతివ్వాలో కాగితం మీద చూసుకోవచ్చు: గింజ, అంచు, గింజ, అంచు అని ఒకే వరసలో పేర్చినట్టు అనుకో, నీ 0.257 లెక్కన 60 కాస్తా 15 గిగాపాస్కల్స్ దగ్గరికి పడింది, 1 ÷ 15 − 1 ÷ 60 = 0.05, అంటే అంచు స్టిఫ్‌నెస్ × గింజ సైజు = 20 గిగాపాస్కల్స్. గింజ 2 మి.మీ. అయితే అంచుకి మిల్లీమీటరుకి 10 గిగాపాస్కల్స్. అక్కడి నుంచి మొదలుపెట్టి కొలతకి సరిపోయేదాకా జరుపుకో. 300 డిగ్రీల రాయిని కూడా ఇదే మోడల్‌లో పెట్టి చూడు, అంచుల్లో కొన్నిటినే వదులు చేసి. రెండు మోడల్స్ అక్కడ కలిస్తే రివ్యూలో చూపించడానికి అంతకంటే మంచి గ్రాఫ్ ఉండదు.

రాళ్ల పిల్లోడు

సరే మాస్టారూ, ఈ రాత్రికే గింజలు కోస్తా. అక్కా, గెలాక్సీ ముక్క కోసం ఒంగోలు ఫ్రెండ్‌కి ఫోన్ చేశా, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తానన్నాడు. ఎంత పెద్దది కావాలని అడిగితే 54 మి.మీ. కోర్ తీసేంత అన్నాను, వాడు సమాధి రాయి సైజుది తెస్తానంటున్నాడు.